చివరి బండి వెనక వచ్చిన సైకిలు

మా ఇంట్లో దెయ్యాలకు చోటుండేది కాదు. మా నాన్నగారు నరసాపురం దగ్గర ఒక బడిలో లెక్కల మాస్టారు, ఆదివారం చర్చిలో సంఘపెద్ద. చీకటి పడితే పక్కింటి పిల్లలు పెరట్లోకి వెళ్ళడానికి భయపడేవారు. ఆయన నన్ను మాత్రం కావాలని బావి దగ్గరికి పంపి, "ఎవరైనా కనిపిస్తే రేపు బడికి రమ్మను, ఎక్కాలు నేర్పుతాను" అనేవారు. నేను వెళ్ళి వచ్చేవాణ్ణి. ఎవరూ కనిపించేవారు కాదు.

పెద్దయ్యాక, కెనడా వచ్చాక కూడా అంతే. మిల్టన్‌లో మేం తీసుకున్న ఇంట్లో పాత ఓనర్ పోయారని ఎవరో చెబితే మా ఆవిడ సుగుణ వెనకాడింది, నేను వెనకాడలేదు. కార్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేస్తున్నాను. చేతిలో గేజ్, ఎదురుగా చెక్‌లిస్టు. టిక్కు పడితే ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. నా బుర్ర అలా తయారైంది.

ఇది రాయమని ఏడాదిగా పోరుతున్నది సుగుణే. రాస్తే బరువు తగ్గుతుందంటుంది. తగ్గుతుందని నాకు నమ్మకం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కోవిడ్ తగ్గాక మన స్టూడెంట్లు ఇక్కడికి వెల్లువలా వచ్చిన రోజులవి. స్కార్‌బరోలో మేం ప్రార్థనకి వెళ్ళే తెలుగు ఫెలోషిప్‌లో ఆదివారం కుర్చీలు చాలేవి కావు. ఒక్కో బేస్‌మెంటులో ఏడెనిమిది మంది ఉండేవారు. పగలు కాలేజీ, రాత్రి వేర్‌హౌస్, మధ్యలో బస్సులో నిద్ర. కెనడా వచ్చి ఏడాదైనా ఒక్క సరస్సు కూడా చూడనివాళ్ళు వాళ్ళలో సగం మంది.

వీళ్ళని వేసవిలో నాలుగు రోజులు బయటికి తీసుకెళ్దామన్న ఆలోచన శామ్యూల్ గారిది. ఆయన మా ఫెలోషిప్ పెద్ద, రిటైరైన టీచరు, అరవై దాటినా ఇంకా సైకిలు తొక్కుతారు. హ్యూరన్ సరస్సు ఒడ్డున రెండు ప్రొవిన్షియల్ పార్కుల్లో టెంట్లు వేసుకునే క్యాంపుసైట్లు బుక్ చేశారు. మొదటి పార్కులో రెండు రాత్రులు ఉండి చుట్టుపక్కల తొక్కడం, మూడో రోజు ఎనభై కిలోమీటర్లు తొక్కి రెండో పార్కుకి చేరడం, నాలుగో రోజు ఇంటికి.

సామానంతా ట్రక్కులో వస్తుంది. తొక్కేవాళ్ళు నీళ్ళసీసా తప్ప ఏమీ మొయ్యక్కర్లేదు. దారిలో రెండుచోట్ల మనవాళ్ళే టేబుల్ వేసుకుని నీళ్ళు, అరటిపళ్ళు, పులిహోర పెట్టుకుని కూర్చుంటారు. అందరికన్నా వెనక ఒక వ్యాన్ నడుస్తుంది. దాన్ని స్వీప్ అంటారు. పంచరైనా, ఓపిక అయిపోయినా మనిషినీ సైకిల్నీ ఎక్కించుకోవడం దాని పని. స్వీప్‌కి ఒకటే నియమం. మనవాళ్ళెవరూ దానికి వెనక మిగలకూడదు.

ఆ వ్యాన్ నడిపింది నేను.

మిగతా నియమాలు రాసింది కూడా నేనే. ఇరవై నాలుగు చోట్లు, ఇరవై నాలుగు నంబర్లు. ప్రతి సైకిలుకీ ముందు ఒక పసుపు నంబరు ప్లేటు. పేరిచ్చాక మార్చడానికి వీల్లేదనీ, రాలేనివాళ్ళ చోటు ఖాళీగా ఉంచుతామనీ, వాళ్ళని మళ్ళీ ఏడాది పిలవబోమనీ రాశాను. సంతకం పెట్టిన ఫారం, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు, అన్నీ ఆ పేరు మీదే ఉంటాయి కదా అని నా వాదన.

"పిల్లలండీ, షిఫ్టులు మారిపోతుంటాయి వాళ్ళకి. అంత గట్టిగా ఎందుకు?" అన్నారు శామ్యూల్ గారు. నేను వినలేదు. ఒకసారి వదిలేస్తే ఇక పట్టుకోలేమన్నాను.

నా కాగితంలో పద్నాలుగో నంబరు ఎదురుగా కిరణ్, తణుకు అని ఉంది. ముప్పై దాకా ఉంటాయి అతనికి. నుదురు మీద జుట్టు పలచబడింది. స్టూడెంటు అంటే నమ్మబుద్ధి కాదు. ఊళ్ళో ఆరేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి, ఆలస్యంగా చదువుకి వచ్చానన్నాడు. మెడలో ఎర్రగళ్ళ తువ్వాలు. ఎవరి దగ్గరో కొన్న బరువైన పాత సైకిలు. పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలికేవాడు. చెవి కాస్త మందమేమో అనుకున్నాను.

ఇరవై నాలుగు మందిలో అందరికన్నా వెనకపడేది అతనే. అందుకని మొదటి రెండు రోజులూ గంటకి పదిహేను కిలోమీటర్ల చొప్పున అతని వీపు చూస్తూ వ్యాన్ నడిపాను. ఆ వీపు నాకు కంఠతా వచ్చేసింది.

"ఏమయ్యా, ఇలా తొక్కితే పార్కువాళ్ళు గేటు మూసేస్తారు" అన్నాను మొదటిరోజు కిటికీలోంచి.

"మూస్తే మీరూ బయటే కదా అంకుల్" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

నాకు మనిషి నచ్చాడు. ఇంకో కారణం కూడా ఉంది. మొదటిరోజు పొద్దున్న చేతి సైగలు నేర్పాను. కుడివైపు తిరగాలంటే ఎడమచెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకెత్తాలి. పిల్లలందరూ నవ్వుకుంటూ విని మర్చిపోయారు. అతనొక్కడే ప్రతి మలుపులోనూ, ముందూ వెనకా పురుగు లేకపోయినా, చెయ్యెత్తేవాడు. చెక్‌లిస్టు మనిషికి చెక్‌లిస్టు మనిషి నచ్చుతాడు.

మూడో రోజు వెనకగాలి. అందరూ హుషారుగా తొక్కేశారు. మొదటి నీళ్ళ స్టాప్ దాటాక ఒకమ్మాయికి పంచరైంది. ఆమె, ఆమె ఫ్రెండు ఆగిపోయారు. నేను వ్యాన్ ఆపి ట్యూబ్ మార్చడానికి కూర్చున్నాను. పద్నాలుగో నంబరు మమ్మల్ని దాటుకుని ముందుకి వెళ్ళాడు. వెళ్తూ బెల్లు కొట్టాడు. మూడు రోజుల్లో మొదటిసారి నా కళ్ళ ముందు లేకుండా పోయాడు.

ట్యూబ్ మార్చి, ఆ అమ్మాయిలిద్దరి వెనకా మెల్లగా బయల్దేరాను. రోడ్డుకి రెండువైపులా వాననీళ్ళు పోయే లోతైన డిచ్‌లు, వాటినిండా మనిషెత్తు గడ్డి. అవతల సోయా చేలు. నేను ఆకాశం చూశాను. రోడ్డు చూశాను. ముందు పోతున్న ఇద్దరమ్మాయిల్ని చూశాను. గడ్డిలోకి చూడలేదు.

రెండో స్టాప్ సుగుణది. ఒక చిన్న ఊరి పార్కులో టేబుల్ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళ నంబరు ఎదురుగా టిక్కు పెట్టడం ఆమె పని. మేం వెళ్ళేసరికి ఒంటిగంటన్నర.

"పద్నాలుగు రాలేదండీ" అంది.

"నాకన్నా ముందే వచ్చాడు. నువ్వు చూసుండవు."

"నేను ఇక్కణ్ణుంచి కదల్లేదు. బాత్రూంకి కూడా వెళ్ళలేదు."

శామ్యూల్ గారికి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే రెండో పార్కులో ఉన్నారు. టెంట్లు, వంట, స్నానాల లైను, అంతా గోలగా ఉంది. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో మొహాలు చూసి చెప్పే పరిస్థితిలో ఆయన లేరు. పద్నాలుగో నంబరు ఫోన్‌కి వరసగా నాలుగైదు మెసేజ్‌లు పెట్టారు. పావుగంటకి జవాబొచ్చింది. ఆయన దాన్ని నాకు పంపారు.

"రీచ్డ్ అంకుల్. 14."

అంతే ఉంది. నేను సుగుణ చేతిలో కాగితం తీసుకుని టిక్కు పెట్టాను. "చూశావా" అన్నాను కూడా. నేను గెలిచినందుకు కాస్త సంతోషపడిన మాట నిజం.

ఆ ఇద్దరమ్మాయిలు ఇక తొక్కలేమన్నారు. వాళ్ళని సుగుణ తన కారులో ఎక్కించుకుని ముందు వెళ్ళిపోయింది. వాళ్ళ సైకిళ్ళు రెండూ వ్యాన్ వెనక ర్యాక్‌కి కట్టాను. రెండూ పదికి బయల్దేరాను. కాగితం మీద ఇరవై నాలుగు టిక్కులు. రోడ్డు మీద మావాళ్ళెవరూ లేరు. ఇంకా పాతిక కిలోమీటర్లుంది.

ర్యాక్‌లో సైకిళ్ళు అడ్డంగా ఉండటం వల్ల వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు. పక్క అద్దాలే గతి. పదినిమిషాలు పోయాక కుడి అద్దంలో ఒక సైకిలు కనిపించింది. రోడ్డు అంచున, వంద మీటర్ల దూరంలో. ఎవరో ఊరివాడు తొక్కుకుంటున్నాడనుకుని పట్టించుకోలేదు. కాసేపాగి చూశాను. ఉన్నాడు. ఇంకాసేపాగి చూశాను. అంతే దూరంలో ఉన్నాడు.

అప్పుడు నా చూపు స్పీడోమీటరు మీద పడింది. డెబ్భై మీద ఉంది.

డెబ్భైలో పోతున్న బండి వెనక సైకిలు అలా అంటిపెట్టుకుని రాదు. ఏ సైకిలూ రాదు. స్పీడు తగ్గించాను. ముప్పైకి వచ్చాను. అంతే దూరం. మళ్ళీ అరవైకి పెంచాను. అంతే దూరం. సైకిలు పెద్దదవలేదు, చిన్నదవలేదు. మనిషి మాత్రం తొందరేమీ లేకుండా, బరువుగా తొక్కుతున్నాడు. మెడలో ఎర్రగా ఏదో ఉంది.

వ్యాన్ పక్కకి ఆపి దిగాను. రోడ్డు తాడు కట్టి గీసినట్టు తిన్నగా ఉంది. రెండు కిలోమీటర్ల దాకా కనబడుతోంది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆ చోట డిచ్ కూడా లోతు లేదు, చేలు మోకాలెత్తు. సైకిలు లేదు, మనిషి లేడు. దూరంగా ఒక ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. రెండు నిమిషాలు నిలబడ్డాను.

బండెక్కి కదిలించాను. నిమిషం తిరక్కుండా అద్దంలో ఉన్నాడు.

మళ్ళీ ఆపాను. మళ్ళీ లేడు. ఈసారి దిగి, ర్యాక్‌లో ఉన్న సైకిళ్ళ నీడేమైనా అద్దంలో పడుతోందేమోనని చూశాను. పడటం లేదు. అద్దం చొక్కాతో తుడిచాను. నాకు భయం వెయ్యలేదు. చిరాకేసింది. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు ఎవడో దాన్ని కదుపుతుంటే వచ్చే చిరాకు అది.

అక్కడే నేను శామ్యూల్ గారికి ఫోన్ చేసి ఉండాల్సింది. "ఆ కిరణ్‌ని ఒక్కసారి పిలిచి కళ్ళారా చూడండి" అని ఒక్క మాట. ఫోన్‌లో సిగ్నల్ ఉంది. కానీ ఏమని చెప్పను? వచ్చేశాడని టిక్కు పెట్టిన మనిషి అద్దంలో కనబడుతున్నాడనా? నామోషీ అనిపించింది. ఫోన్ జేబులోంచి తీసి మళ్ళీ పెట్టేసుకున్నాను.

పార్కు దగ్గర కుడివైపు మలుపు. నేను ఇండికేటర్ వేసి అద్దంలోకి చూశాను. వాడు ఎడమచెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకెత్తాడు.

అతనే. రెండు రోజులు ఆ చెయ్యి వెనకనుంచి చూశాను, ఇప్పుడు ముందునుంచి చూస్తున్నాను. మొహం తెలియలేదు. తువ్వాలు తెలిసింది, చెయ్యి తెలిసింది. అయినా బుర్ర ఒకటే మాట చెప్పింది: అతను రీచ్ అయ్యాడు. కాబట్టి ఇతను అతను కాదు.

గేటు దగ్గర ఆగాను. గేటు గదిలో పార్కు ఉద్యోగిని, పాతికేళ్ళ తెల్లమ్మాయి, పర్మిట్ చూసింది. తర్వాత నా బండి వెనక్కి చూసి, ఆ వెనక సైకిలతను కూడా మీ గ్రూపేనా అని అడిగింది.

నేను వెనక్కి తిరగలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. కాదన్నాను. అతను మావాడు కాదు, మావాళ్ళందరూ వచ్చేశారు అన్నాను.

లోపలికి వెళ్ళి సైకిళ్ళు దింపాను. టీ తాగాను. ట్రక్కులోంచి దింపిన బ్యాగులు నంబర్ల వరసలో గడ్డి మీద పెట్టి ఉంచారు, ఎవరిది వాళ్ళు తీసుకుంటున్నారు. నాలుగయ్యేసరికి ఒక్క బ్యాగు మిగిలింది. దాని మీద పద్నాలుగు అని ఉంది.

శామ్యూల్ గారు టెంట్ల మధ్యకి వెళ్ళి "కిరణ్, కిరణ్" అని కేకలు వేశారు. నేను వ్యాన్ తాళాలు తీసుకుని పరిగెత్తాను. గేటు దాటకముందే పోలీసు కారు ఎదురొచ్చింది.

మొదటి స్టాప్‌కీ రెండో స్టాప్‌కీ మధ్య, గడ్డి కోసే ట్రాక్టరతనికి పైనుంచి డిచ్‌లో సైకిలు చక్రం కనిపించిందట. కంకర మీద జారి, కల్వర్టు సిమెంటు అంచుకి తల కొట్టుకుంది. మనిషి గడ్డిలో ఉన్నాడు, అప్పటికే ప్రాణం లేదు. నంబరు ప్లేటు మీద మా క్యాంపు ఫోన్ నంబరు ఉంది కాబట్టి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. శామ్యూల్ గారు వెళ్ళి చూసి, అవును, కిరణే అని చెప్పి వచ్చారు. పిల్లలు ఏడుస్తున్నారు.

నేను ఆ ఇద్దరమ్మాయిల వెనక ఆ కల్వర్టు దాటింది పన్నెండున్నరకి. ఆరడుగుల దూరంలోంచి దాటి ఉంటాను.

అధికారికంగా కబురు వెళ్ళేలోపు వాట్సాప్‌లో పాకిపోతుందని భయపడ్డాం. తల్లిదండ్రులకు అలా తెలియకూడదనుకున్నాం. ఫారం తీసి, అందులో ఉన్న తణుకు నంబరుకి నేనే ఫోన్ చేశాను. అక్కడ అప్పటికి తెల్లవారలేదు. తండ్రి ఎత్తాడు. ఎలాగో చెప్పాను. వెనకనుంచి తల్లి "ఎవరండీ, ఎవరు" అని అడగడం వినిపించింది. ఆ తర్వాత వినిపించింది నేను రాయలేను.

ఇంకో అరగంటకి నాకు స్కార్‌బరో నుంచి ఫోనొచ్చింది.

"అంకుల్, నేను కిరణ్‌నండీ."

ఫోన్ కట్ చేసేశాను. వెంటనే మళ్ళీ మోగింది.

"కట్ చెయ్యకండి అంకుల్. నేను తణుకు కిరణ్‌ని. మా నాన్న ఫోన్ చేసి ఏడుస్తున్నాడు. నేను రూమ్‌లోనే ఉన్నానండీ. అక్కడికొచ్చింది నేను కాదు, మా రూమ్మేట్ ప్రసాదన్న. అన్నకేమైందండీ?"

జరిగింది ఇదీ. టూర్‌కి రెండు రోజుల ముందు వేర్‌హౌస్‌లో కిరణ్ షిఫ్టు మారింది. రానని చెబితే చోటు ఖాళీగా పోతుంది, మళ్ళీ ఏడాది పిలవరు. పేరు మార్చమంటే నేను ఒప్పుకోను. వీళ్ళకి ఒకరి బస్సు కార్డు ఒకరు, ఒకరి కోటు ఒకరు వాడుకోవడం అలవాటే. అలాగే ఒకరి పేరు ఒకరు వాడుకున్నారు. ప్రసాద్ మూడు రోజులు కిరణ్‌గా పలికాడు. అందుకే పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యం. చెవికేమీ లోపం లేదు.

ఫోన్ నంబరు మాత్రం కిరణ్‌దే. మా మెసేజ్‌లన్నీ స్కార్‌బరోలో అతనికి వచ్చేవి, అతను ప్రసాద్‌కి పంపేవాడు. ఆ రోజు పొద్దున్న నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాడు. "14 ఎక్కడున్నావు" అని వరసగా మెసేజ్‌లు వచ్చేసరికి లేచాడు. ప్రసాద్‌కి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తొక్కుతున్నాడు కాబోలు అనుకున్నాడు.

"జవాబు రాకపోతే మీరు వెతుకుతారు, దొరికిపోతాం అనుకున్నానండీ. అన్నని మధ్యలో పంపించేస్తారని భయమేసింది. రోజూ లేటైనా చేరిపోయేవాడు కదా అని, రీచ్డ్ అని పెట్టేశానండీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఏడుస్తూ అన్నీ పడ్డాడు. తిట్టడం అయ్యాక, దొరికిపోతామన్న ఆ భయం పెట్టింది ఎవరో నాకు గుర్తొచ్చింది. ఫోన్ సుగుణ చేతికిచ్చి దూరంగా వెళ్ళి కూర్చున్నాను.

ఇక పోలీసులు చెప్పినది. మర్నాడు ఒక ఆఫీసరు నన్ను విడిగా కూర్చోబెట్టాడు. పార్కు గేటు దగ్గర అమ్మాయి తన రిజిస్టరులో రెండూ యాభైకి ఒక సైకిలతన్ని రాసుకుంది. గ్రూపుకి చెందనివాడు అని పక్కన రాసింది. నేను లోపలికి వెళ్ళాక పర్మిట్ అడుగుదామని తలెత్తితే అతను లేడట. వెనక్కి వెళ్ళిపోయాడనుకుంది. సైకిలు ముందు పసుపు ప్లేటు, దాని మీద పద్నాలుగు. మెడలో ఎర్ర గుడ్డ. మా గొడవేమీ తెలియకముందే ఆమె తన సూపర్‌వైజరుకి చెప్పిన మాటలివి.

ఆ ప్లేటు ఇంకెవరైనా వాడారా, అలాంటిది రెండోది చేయించారా అని ఆఫీసరు అడిగాడు. చేయించలేదు. ప్లేటు డిచ్‌లో పడున్న సైకిలుకే ఉంది. గేటుకి నలభై కిలోమీటర్ల అవతల.

నేను అద్దంలో చూసింది అతనికి చెప్పాను. అతను రాసుకోలేదు. వేరే ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

శామ్యూల్ గారికి చెబితే, దేవుడు మీకు చూపించాడండీ అన్నారు. చూపిస్తే నాలాంటివాడికా చూపించేది? కళ్ళ కన్నా కాగితాన్ని నమ్మేవాడికా? అని ఆయన మీద అరిచాను. నాకు కోపం ఆయన మీద కాదు.

తర్వాత రెండుసార్లు ఆ రోడ్డుకి వెళ్ళాను. అదే వ్యాన్ అద్దెకి తీసుకున్నాను. ర్యాక్‌కి రెండు సైకిళ్ళు కట్టాను. అదే టైముకి అదే స్పీడులో నడిపాను. ఎండ ఏ కోణంలో పడుతుందో చూసుకున్నాను. అద్దంలో రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. కల్వర్టు దగ్గర గడ్డి కోసేసి ఉంది. వ్యాన్ సీటులోంచి చూస్తే డిచ్ అడుగు స్పష్టంగా కనబడుతోంది.

ప్రసాద్‌ది రాజోలు. తల్లీ తండ్రీ లేరు, అక్క పెంచింది. శవపేటికతో పాటు కిరణ్ వెళ్ళాడు. ఆ షిఫ్టుల ఉద్యోగం పోతుందని తెలిసే వెళ్ళాడు. అక్కడినుంచి ఒకరోజు, మా అంకుల్ మాట్లాడతారట అని చెప్పి ఆ అక్కకి ఫోనిచ్చాడు. నేను మాట్లాడతాననలేదు. ఆవిడే అడిగి ఉంటుంది.

ఆవిడ ఏడవలేదు. నిదానంగా మాట్లాడింది.

"రోజూ ఫోన్ చేసేవాడండీ. అందరికన్నా ఆఖర్న నేనే అక్కా, నా వెనక అంకుల్ వ్యాన్ ఉంటుంది, నన్ను దాటుకుని ఆయన వెళ్ళరు, నువ్వేం భయపడకు అనేవాడు. ఆ రోజు మీరు దాటి వెళ్ళిపోయారాండీ?"

"దాటానమ్మా" అన్నాను.

లైను తెగిపోయింది.

ఒక్క సంగతి మిగిలింది. ప్రసాద్ ఫోన్‌లో దూరం కొలిచే యాప్ ఉంది. అది పదకొండూ యాభై రెండుకి కదలడం ఆగిపోయింది. పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చాక డాక్టరుతో మాట్లాడే వీలు దొరికింది. పడగానే పోలేదని ఆ డాక్టరమ్మ చెప్పింది. కొంతసేపు బతికే ఉన్నాడట. ఎంతసేపు అని అడిగాను. గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు, అంతకన్నా కచ్చితంగా ఎవరూ చెప్పలేరంది. త్వరగా చూసి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆ ప్రశ్న వద్దండి అంది.

పదకొండూ యాభై రెండుకి మూడు గంటలు కలిపితే ఎంతో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు అద్దంలో కనిపించింది రెండూ ఇరవైకి. గేటు దగ్గర ఆ అమ్మాయి అడిగింది రెండూ యాభైకి.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా చెప్పగలిగినా వినే ధైర్యం నాకు లేదు. నేను చూసింది దెయ్యమే అయ్యుండాలని, అంటే అప్పటికే అతను పోయి ఉండాలని, రోజూ మోకాళ్ళ మీద కూర్చుని అడుగుతున్నాను. అది దెయ్యం కాకపోతే, గేటు దగ్గర నేను "మావాడు కాదు" అన్నప్పుడు ప్రసాద్ ఇంకా బతికే ఉన్నాడు.